ఏడవని పిల్లకు చప్పట్లు

శనివారం మధ్యాహ్నం అయ్యిందంటే చాలు, మా గురుకులంలో ఆడపిల్లలకు మూకుమ్మడిగా కడుపునొప్పి వచ్చేది. నా సిక్‌రూం ముందు లైను కట్టేవాళ్ళు. ఒకదానికి బొడ్డు దగ్గర, ఒకదానికి పక్కటెముకల కింద, ఒక మహాతల్లికైతే అడిగిన ప్రతిసారీ నొప్పి చోటు మారేది. నర్సు నిజమేనంటే ఇంటికి ఫోన్ పోతుంది, ఫోన్ పోతే అమ్మ వస్తుంది, అమ్మ వస్తే ఆదివారం ఇంట్లో కోడికూర. రోగానికి మూలం అదీ.

నేను నర్సును. సర్వీసులో ఎక్కువ కాలం మిర్యాలగూడ దవాఖానలో, చివరి ఏళ్ళన్నీ కోదాడ దగ్గర ఈ ఆడపిల్లల గురుకులంలో గడిచాయి. ఇప్పుడు రిటైరై సూర్యాపేటలో ఉంటున్నాను. వీధిలో ఎవరికి తల తిరిగినా బీపీ చూడమని నా గుమ్మం ఎక్కుతారు. నర్సింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి సర్వీసు ముచ్చట్లు చెప్పమంటారు. వాళ్ళకు పాముకాటు కథలు కావాలి, అంబులెన్సులో కాన్పయిన కథలు కావాలి. నేను ఈ ఏడవని పిల్ల సంగతి ఎత్తితే, ఇందులో కేసేముంది అన్నట్టు మొహం పెడతారు. ఉంది. పిల్లలతో పనిచేయబోయేవాళ్ళు, పిల్లల్ని కనబోయేవాళ్ళు, కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

దొంగనొప్పిని పట్టడానికి నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. మిర్యాలగూడలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర చూసి నేర్చుకున్నాను. పిల్లను ఒంటికాలి మీద గెంతమనాలి. లోపల పేగు వాచిన పిల్ల గెంతలేదు, ఒక్క గెంతుకే కుడిపక్క పట్టుకుని వంగిపోతుంది. దొంగనొప్పి పిల్ల గెంతాలా వద్దా అని ముందు నా మొహం చూస్తుంది. అట్లా మొహం చూసినవాళ్ళకు గ్లాసుడు జీలకర్ర నీళ్ళు తాగించి క్లాసుకు తరిమేదాన్ని. పిల్లలు నన్ను చాటుగా గెంతుల మేడం అనేవాళ్ళు. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేదాన్ని.

మా వార్డెన్ చెడ్డ మనిషి కాదు. పిల్లల తలల్లో పేలు తనే కూర్చుని తీసేది. జ్వరమొచ్చిన పిల్లకు తన వాటా పాలు పంపేది. కానీ మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఆమె నోట్లో ఎప్పుడూ ఆడుతుండేది, ఆ సామెత ఆడిన చోట నా నోరు లేచేది కాదు. జూన్‌లో కొత్త పిల్లల్ని దింపడానికి తల్లిదండ్రులు వస్తే ఆమెకు ఒక పద్ధతి ఉండేది. రండి మీ మంచాలు చూపిస్తానని పిల్లల్ని పైకి తీసుకుపోవడం, ఈలోపు తల్లిదండ్రుల్ని వంటగది పక్కనున్న గేటు నుంచి బయటికి పంపేయడం. చెప్పి వెళ్తే ఏడుస్తారట, చెప్పకుండా వెళ్తే అలవాటు పడతారట. పిల్ల కిందికి దిగేసరికి పెట్టె ఉండేది, అమ్మ ఉండేది కాదు. ఆ సాయంత్రం హాస్టల్లో వినిపించే ఏడుపు మీరు వినలేదు కాబట్టి బతికిపోయారు.

ఆ ఏడు ఆరో తరగతిలో మేళ్లచెరువు వైపు నుంచి ఒక పిల్ల చేరింది. తండ్రి సిమెంటు లారీ డ్రైవరు. సన్నగా, చామనచాయగా, నవ్వితే పైపన్ను ఒకటి బయటికి కనిపించేది. మొదటిరోజు అందరిలాగే ఆమెనూ మంచం చూడమని పైకి పంపారు, అందరిలాగే తండ్రి వెనక గేటు నుంచి వెళ్ళాడు. అందరూ రెండు రోజుల్లో ఏడుపు ఆపారు, ఈ పిల్ల ఆపలేదు. పెద్ద గేటు ఊచలు పట్టుకుంటే ఊడదీయడానికి ఇద్దరం కావలసి వచ్చేది. తండ్రి లోడు వేసుకుని ఆ దారిన పోతూ మర్నాడు ఆగాడు, తర్వాత మళ్ళీ ఆగాడు. వచ్చిన ప్రతిసారీ పిల్ల ఇంకా ఏడ్చేది, అతను ఇంటికి తీసుకుపోతాననేవాడు. చివరికి వార్డెన్ అతన్ని ఆఫీసు ముందు నిలబెట్టింది.

“ఏడిస్తె రానని చెప్పున్రి. ఊకె చెప్పుడు గాదు, ఒక్కసారి చేసి చూపియ్యున్రి. ఒక్క నెలల దారిల వడ్తది. ఇట్ల మీరే మెత్తవడితె పిల్ల చదువు ఖతం.”

అతను చేతులు కట్టుకుని విన్నాడు. చదువుకున్నవాళ్ళు చెప్పారు కదా, మందు చీటీ ఇచ్చినంత నమ్మకంగా ఆ మాట పట్టుకుపోయాడు.

మా దగ్గర తల్లిదండ్రులు చూడడానికి వచ్చేది నెలకొక ఆదివారం. అంతకుముందు బుధవారం సాయంత్రం పిల్లలు వార్డెన్ ఫోన్‌లో తలా కాసేపు ఇంటికి మాట్లాడేవాళ్ళు. ఆగస్టులో ఆ బుధవారం ఈ పిల్ల ఫోన్‌లో ఏడ్చింది. అయితే ఆదివారం రానన్నాడు తండ్రి. పిల్ల నమ్మలేదు. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, కడిగిన కంచం ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంది. అందరి అమ్మానాన్నలూ వచ్చారు. వేపచెట్ల కింద గోనెపట్టాలు పరిచారు, డబ్బాల మూతలు తీశారు, ఆవరణంతా కూరల వాసన. ఈ పిల్ల మధ్యాహ్నం దాకా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పోయి తినడానికి రమ్మన్నాను, రాలేదు. ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది. గౌను అంచుతో మొహం గట్టిగా తుడుచుకుని, గేటు ఊచలు పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. చీకటి పడేవేళకు తనే లోపలికి వచ్చింది.

ఆ తర్వాత ఆ పిల్ల ఏడవడం ఎవరూ చూడలేదు. మోకాలు చీరుకుపోయి నేను టించరు వేస్తుంటే కూడా పన్ను కనిపించేలా నవ్వింది. బుధవారాలు ఫోన్‌లో మంచిగున్న నాయినా అని రెండు ముక్కలు చెప్పి ఇచ్చేసేది. తండ్రి మళ్ళీ నెలనెలా రావడం మొదలుపెట్టాడు. వార్డెన్ పద్ధతి గెలిచింది. ఒకరోజు ప్రార్థనలో పిల్లను అరుగు ఎక్కించి, చేరినప్పుడు ఎట్లా ఏడ్చిందో ఇప్పుడెట్లా ఉందో చూడమని అందరికీ చెప్పింది. చప్పట్లు మోగాయి. కోదాడ నుంచి వచ్చే లెక్కల మాస్టారు నా పక్కన నిలబడి, ఇలాంటి పిల్లలే పైకొస్తారండీ అన్నారు. నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను. పిల్ల అరుగు మీద నవ్వుతూనే ఉంది.

ఆమె పక్కమంచం పిల్లది మిర్యాలగూడ. ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం. తల్లి బట్టలు కుట్టేది, ఒక్కతే కూతురు. తల దువ్వుకోవడం రాదు, చెప్పుల పట్టీ పెట్టుకోవడం రాదు, అన్నంలో రాయి వస్తే ఏడుపు, దోమ కుడితే ఏడుపు. తల్లి మధ్యమధ్యలో పని మానుకుని బస్సెక్కి వచ్చేసేది. వచ్చి గేటు బయట నిలబడి తనూ ఏడ్చేది. ఆ తల్లిని నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. పిల్లను చేతకానిదాన్ని చేస్తున్నావమ్మా, రేపు దీని ఏడుపు మొగుడు వింటాడా, మొగుడి తల్లి వింటదా అన్నాను. పాపం, తలవంచుకుని వినేది, మళ్ళీ వచ్చేది. హాస్టలంతా ఆ పిల్లను ఏడుపుగొట్టు అనేవాళ్ళు. నాన్నా పులి కథలో పిల్లవాడిలాగా దాని ఏడుపుకు విలువ పోయింది.

చలికాలం ఒక శనివారం, లైనులో ఏడుపుగొట్టు నిలబడింది. యథాప్రకారం ముక్కు చీదుతూ వచ్చింది. నీకెక్కడ నొప్పే అంటే నాకు కాదంది. పక్కమంచం పిల్ల పొద్దున్నించీ అన్నం దాచి పారేస్తోందట, మంచం మీద ముడుచుకుని దిండు కొరుకుతోందట. అటు పోతున్న వార్డెన్ ఆగి, నిన్న నీదయింది, ఇయ్యాల దానిది మొదలువెట్టినవా అని నవ్వి వెళ్ళిపోయింది. నేను ఆ పిల్లను పిలిపించాను. ఎండలో నుంచి నిటారుగా నడిచి వచ్చింది.

“ఏం లేదు మేడం. అది ఊకె ఏడుస్తది.”

పడుకోబెట్టి పొట్ట నొక్కాను. చక్కిలిగింత పెట్టినట్టు నవ్వింది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది, ఎండలో ఆడి వచ్చిందనుకున్నాను. అయినా మనసు ఒప్పక లేచి గెంతమన్నాను. గెంతింది. నా మొహం కేసి చూడలేదు, ఆలోచించలేదు. ఒంటికాలి మీద గుమ్మం దాకా గెంతుకుంటూ పోయి, అట్లాగే గెంతుకుంటూ తిరిగి వచ్చింది.

“ఇంక చాలా మేడం?”

చాలన్నాను. ఏడుపుగొట్టును నేనే కసిరి పంపాను. నొప్పి లేకుండా ఉందనేవాళ్ళను పట్టుకోవడానికి నా దగ్గర ఉపాయాలున్నాయి. నొప్పి ఉండి లేదనే పిల్ల ఉంటుందని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు.

మర్నాడే తల్లిదండ్రులు వచ్చే ఆదివారం. లారీ డ్రైవరు ఈసారి భార్యను, చంటిపిల్లను కూడా తీసుకొచ్చాడు. నాటుకోడి కూర, సజ్జరొట్టెలు. పిల్ల గేటు దగ్గరికి చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. గోనెపట్టా మీద కూర్చున్నారు. తల్లి ముద్దలు కలిపి పెడుతోంది, పిల్ల తింటోంది, తండ్రి ఏదో చెబితే నవ్వుతోంది. దూరం నుంచి చూసినవాళ్ళకు ముచ్చటేస్తుంది. నాకూ వేసింది. కాసేపటికి పిల్ల లేచి నీళ్ళ ట్యాంకు గోడ వెనక్కి వెళ్ళింది, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుని నోరు తెరిచింది.

అప్పుడు ఏడుపుగొట్టు గొంతు లేచింది. గోడ వెనక పక్కమంచం పిల్ల తిన్నదంతా కక్కుకోవడం చూసిందట. ఆవరణంతా మారుమోగేలా ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఊరుకోమంటే ఊరుకోదు, వార్డెన్ కసిరితే ఇంకా గట్టిగా ఏడుస్తుంది. దాని నోరు మూయించడానికైనా సరే పోయి చూద్దామని వెళ్ళాను.

పిల్ల పైపెదవి మీద చెమట. చలికాలం, నీడలో కూర్చుంది, చెమటెందుకు? నుదురు కాలిపోతోంది. ఒళ్ళోకి లాక్కుని పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది. బండి చూడమని వార్డెన్‌కు కేకేశాను.

“ఏం లేదు మేడం,” అంది పిల్ల. “నాయిన వచ్చిండు గద.”

తండ్రికి నేనెందుకు కంగారుపడుతున్నానో అర్థం కాలేదు. “మా బిడ్డ ఏడ్వదు మేడం, గట్టిది. నొప్పుంటె చెప్పదా?” అన్నాడు. ఆ గొంతులో గర్వం నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఎవరో నేరేడుచర్ల నుంచి మాట్లాడుకుని వచ్చిన ఆటో గేటు బయట ఉంది. అందులోనే వేసుకుని కోదాడ దవాఖానకు పోయాం. అక్కడ చూసి, ఇక్కడ ఆగొద్దు, సూర్యాపేట పెద్దదవాఖానకు తీసుకుపొమ్మని అంబులెన్సులో ఎక్కించారు. దారిలో ఎక్కడ స్పీడ్‌బ్రేకరు వచ్చినా నా ఒళ్ళో పిల్ల ఒళ్ళు బిగుసుకునేది. నోట్లోంచి మాత్రం కుయ్యిమని శబ్దం రాలేదు. ఏడవ్వే తల్లీ అన్నాను. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక పిల్లను ఏడవమని బతిమాలడం అదే మొదలు. ఎదురుగా కూర్చున్న తండ్రి వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

సర్జను కుర్రవాడు. పొట్ట చూడగానే మండిపడ్డాడు. నొప్పి ఎప్పటి నుంచని అడిగితే తల్లికి తెలియదు, తండ్రికి తెలియదు, పొట్ట నొక్కి చూసిన నర్సుకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే, గురుకులంలో ఏడుస్తూ కూర్చుంది. పేగు పగిలి చీము లోపలంతా పాకిందని, తెరిచి చూస్తే గానీ ఏ మాటా చెప్పలేనని అన్నాడు. నిన్న ఒంటికాలి మీద గెంతింది సార్ అన్నాను. అతను నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూసి లోపలికి వెళ్ళాడు.

ఆపరేషన్ గది బయట బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు మాట్లాడాడు ఆ తండ్రి. నన్ను చూసి కాదు, తలుపును చూస్తూ.

“మా నాయిన మేమేడిస్తె ఇంకో రెండు ఏసేటోడు మేడం. అందుకే నేను బిడ్డ మీద ఇంతవరకు చెయ్యి లేపలె. ఒక్కనాడు తిట్టలె. ఏడిస్తె రానన్న, గంతే. రాకుండ గూడ ఉండలె. ఆ ఆదివారం వచ్చిన. రోడ్డు అవతల చెట్టు కింద లారీ ఆపి సూస్తనే ఉన్న. బిడ్డ ఏడుస్తుంటె దిగవోయిన. దిగితె మల్లీ మొదటికొస్తదని వార్డెన్ మేడం చెప్పింది గదా అని స్టీరింగ్ పట్టుకొని కూసున్న. చాతగాక తీస్కవోయిన లారీ.”

“నేనూ ఉన్న అండ్ల,” అంది భార్య చంటిపిల్లను భుజం మార్చుకుంటూ. “దిగుత అన్న. దిగొద్దన్నడు.”

కొట్టే తండ్రిని తిట్టవచ్చు, తాగే తండ్రిని తిట్టవచ్చు. లారీలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న తండ్రిని ఏమని తిట్టేది? తన తండ్రి కన్నా మంచి తండ్రి కావాలనుకున్నాడు, అయ్యాడు కూడా. బెత్తం పడేసి, దానికన్నా గట్టిదొకటి తెలియక చేతికి తీసుకున్నాడు. అది అతని చేతిలో పెట్టింది మేము.

పిల్ల బతికింది. చాలా రోజులు ఆ దవాఖానలోనే ఉంది, పొట్టకు గొట్టం, ముక్కుకు గొట్టం. స్కూలు వాళ్ళు నన్నే తోడుంచారు. వార్డెన్ ఒకసారి యాపిల్ పండ్లు తీసుకుని వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. మరుసటి జూన్‌లో వంటగది పక్క గేటుకు తాళం వేయించింది. పిల్లలకు చెప్పి, ఏడవనిచ్చి, పెద్ద గేటు నుంచే వెళ్ళమంది తల్లిదండ్రుల్ని. సామెత కూడా మళ్ళీ ఆమె నోట వినలేదు.

ఏడుపుగొట్టును కూడా నేను మరీ ఆకాశానికెత్తను. దాని చెప్పుల పట్టీ ఎనిమిదో తరగతి దాకా ఇంకొకరే పెట్టారు. కానీ ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని దానికి వాళ్ళమ్మ నేర్పింది. ఆ నమ్మకంతోనే ఇంకొకరి నొప్పికి ఏడ్చింది, మేము రావాల్సి వచ్చింది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడగొద్దని నేర్పితే ఆ పిల్ల ఏం తిని బతకాలి?

ఏడవని పిల్ల ఇప్పుడు పెద్దదయింది. కోదాడలో డిగ్రీ చదువుతోంది. పండగలకు ఫోన్ చేస్తుంది. ఎట్లున్నవే అంటే ఎప్పుడడిగినా ఒకటే జవాబు, మంచిగున్న మేడం. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఆ పిల్ల పొట్ట తడిమి చూడాలనిపిస్తుంది.

దవాఖాన నుంచి పంపే ముందు ఒకరోజు జరిగింది చెప్పి ముగిస్తాను. కట్టు మార్చాలి. ఆ గాయానికి పెద్దవాళ్ళే మంచం విరగ్గొట్టేలా అరుస్తారు. పిల్ల మంచం ఊచ పట్టుకుంది, వేళ్ళు తెల్లబడ్డాయి, మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. తండ్రి చూడలేకపోయాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏడువు బిడ్డా అన్నాడు. నేనేమనను, గీడ్నే ఉంట, ఎటూ పోను, ఏడువు అన్నాడు. పిల్ల అది కూడా ఒక పరీక్షే అనుకుంది కాబోలు. నొప్పి లేదు నాయినా అంది.

అప్పుడతను ఉన్నమాట చెప్పేశాడు. ఆ ఆదివారం వచ్చానని, రోడ్డు అవతల లారీలో ఉన్నానని, దిగలేదని.

“ఎరుకే నాయినా,” అంది పిల్ల. “మన లారీ కనవడ్డది. ఏడుపు ఆపితె వస్తవనుకున్న. ఆపిన. మొకం గూడ తుడుసుకున్న. గప్పటికే పోయినవ్.”

అతను మంచం పట్టె మీద తల పెట్టి బావురుమన్నాడు. అంత మనిషి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వార్డులో వాళ్ళంతా ఇటే చూస్తున్నారు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మొద్దని మా అమ్మ అంటుండేది. ఆ ఇద్దరినీ ఒక్కచోటే చూస్తూ నేను దూది పట్టుకుని నిలబడిపోయాను. పిల్ల సూది గుచ్చి ఉన్న చెయ్యి మెల్లగా ఎత్తి తండ్రి తల మీద పెట్టింది.

“ఏడ్వకు నాయినా,” అంది. “ఏడిస్తె ఎవరూ రారు.”

ఊరు తెలియనివాడికి దారి చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పింది.